డబ్బా సీను డైరీ: మాటలు అవే, తీసే తీరే వేరు

ఒకే సీనుని రకరకాలుగా తీసి, ఏది చూసేవాళ్లకి అందుతుందో తేల్చుకునే ప్రాజెక్టు ఇది. సీను అరపేజీ. వంటగదిలో అమ్మ పీట మీద కూర్చుని టిఫిన్ డబ్బా సర్దుతుంటుంది. కొడుకు భుజాన బ్యాగుతో గుమ్మంలోకి వస్తాడు. ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తున్నాడు.

– బండెన్నింటికి?
– తొమ్మిదిన్నరకి.
– తినీసెల్తావా, కట్టీమంటావా?
– కట్టీ.
– డబ్బా మళ్ళీ అట్టుకురా.

అంతే. ఆఖరి మాటలో డబ్బా అంటే డబ్బా ఒక్కటే కాదని చూసేవాళ్లకి తట్టాలి. "నువ్వు మళ్లీ తొందరగా రా నాన్నా" అని రాసేస్తే పని సులువైపోతుంది, సీను చచ్చిపోతుంది. అందుకని ఈ ప్రాజెక్టులో మాటల్ని ముట్టుకోవడం లేదు. నటులు వాళ్లే, చీర అదే, గది అదే. కెమెరా దూరం, ఎత్తు, వెలుతురు, శబ్దం, కత్తెర... వీటిలో ఒక్కసారికి ఒక్కటే మారుతుంది. ప్రతి రకాన్నీ వీధిలోవాళ్లకి, కాలేజీ కుర్రాళ్లకి, నటుల ఇళ్లలో పెద్దవాళ్లకి చూపించి ఒకే ప్రశ్న అడగడం: "ఆఖర్న ఆవిడ మనసులో ఏముంది?" స్టీలు డబ్బా పోతుందని బెంగ అన్నారంటే ఆ రకం పోయినట్టు. మళ్లీ రమ్మంటోంది అన్నారంటే నిలిచినట్టు.

గది, సామాను

విశాఖపట్నంలో పెదజాలారిపేట వైపు ఒక ఇంటి మొదటి అంతస్తులో వంటగది. పదడుగులకి పన్నెండు, అంటే సుమారు 3 మీటర్లకి 3.6. తూర్పు గోడకి కిటికీ. రెండు వీధులు దాటితే సముద్రం. గోడలకి ఆయిల్ పెయింటు, నేలకి టైల్సు. రెండూ కంటికి బావుంటాయి, మైకుకి పరమ శత్రువులు.

ఏపీఎస్-సీ సెన్సరున్న మిర్రర్‌లెస్ కెమెరా, 18-55 కిట్ లెన్సు, 50, 85 లెన్సులు, ట్రైపాడ్, రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు, నాలుగు థర్మాకోల్ షీట్లు, మూడు గజాల నల్ల గుడ్డ, ఒక చుట్ట ట్రేసింగ్ పేపరు, షాట్‌గన్ మైకు, కాలర్ మైకు, రికార్డరు. మైకు కట్టడానికి వెదురు గడ. కొనే బూమ్ రాడ్డు కంటే బరువే, కానీ రెండు నిమిషాల టేకుకి చెయ్యి తట్టుకుంటుంది.

సెకనుకి 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేములోకి వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు. సినిమాకి 24 వాడుక కదా అంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. షటర్ 1/50 ఉంటే ప్రతి ఫ్రేములోకీ సరిగ్గా రెండు పెరుగుదలలు పడతాయి, ఫ్రేముకీ ఫ్రేముకీ తేడా రాదు. 1/60 పెడితే లెక్క తప్పి, చవక ఎల్ఈడీ బల్బు కింద తెర మీద నల్ల పట్టీలు పాకుతాయి. ఫోనుతో తీసేవాళ్లకి తగిలే మొదటి దెబ్బ ఇదే: ఆటోలో వదిలేస్తే ఫోను తనకు తోచిన షటర్ తీసుకుంటుంది. మాన్యువల్‌లో 1/50కి కట్టిపడేయాలి.

రికార్డింగు సెకనుకి 100 మెగాబిట్లు. అంటే నిమిషానికి 750 ఎంబీ, 64 జీబీ కార్డుకి దగ్గర దగ్గర 85 నిమిషాలు. రోజూ రెండు డ్రైవుల్లోకి కాపీ అయ్యాకే కార్డు ఫార్మాట్.

మొదటి రోజు – దూరం

ముగ్గు చెరిగిపోక ముందే, అంటే సంక్రాంతి వెళ్లిన పది రోజులకి మొదలు. అమ్మ తల నుంచి ఛాతీ దాకా వచ్చే ఒకే సైజు ఫ్రేము, మూడు దూరాల నుంచి. ఫ్రేములో అడ్డంగా 94 సెంటీమీటర్లు పట్టాలనుకుంటే ఈ సెన్సరుకి లెక్క తేలిక: లెన్సు ఎన్ని మిల్లీమీటర్లయితే దూరం అన్ని నాలుగు సెంటీమీటర్లు. 18కి 72 సెంటీమీటర్లు, 50కి 2 మీటర్లు, 85కి 3.4 మీటర్లు.

18తో 72 సెంటీమీటర్ల నుంచి తీసినప్పుడు ముక్కు ముందుకొచ్చింది, డబ్బా పట్టుకున్న చెయ్యి మొహమంత అయింది, వెనకాల సామాన్ల అలమర పక్కింట్లో ఉన్నట్టు దూరం జరిగింది. చూసినవాళ్లు ఆవిడ గురించి ఏమీ అనలేదు, "ఎవరో మీద మీదకెళ్లి తీసినట్టుంది" అన్నారు. 85తో మొహం నిండుగా, అలమర వీపుకి ఆనుకున్నట్టు వచ్చింది; దూరాన నిలబడి చాటుగా చూస్తున్న భావం. 50 దగ్గర కెమెరా సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

లెన్సు మొహాన్ని మారుస్తుందని చాలామంది అనుకుంటారు. మార్చేది దూరం. 72 సెంటీమీటర్ల నుంచి చూస్తే ముక్కుకీ చెవికీ మధ్య ఉన్న పది, పన్నెండు సెంటీమీటర్లు పెద్ద తేడా, 3.4 మీటర్ల నుంచి చూస్తే ఏమీ కాదు. లెన్సు చేసేది ఆ దూరం నుంచి ఎంత మేర ఫ్రేములోకి తీసుకోవాలో తేల్చడమే.

85తో ఇంకో చిక్కు: 3.4 మీటర్లు కావాలంటే ట్రైపాడ్ గుమ్మంలో పెట్టాలి. కొడుకు నిలబడాల్సింది అక్కడే. చిన్న గదిలో లెన్సు ఎంపిక చాలాసార్లు గోడే చేస్తుంది.

ఫోకసు: 50 లెన్సు, 2 మీటర్లు, ఎఫ్ 1.8 (లెన్సు ద్వారం బాగా తెరిచి; అంకె పెరిగితే ద్వారం చిన్నదవుతుంది) అయితే స్పష్టంగా ఉండే లోతు సుమారు 12 సెంటీమీటర్లు. డబ్బా క్లిప్పు నొక్కడానికి ఆవిడ ముందుకి వంగేది 15. సరిగ్గా ఆఖరి మాట దగ్గర కళ్లు మసకబారాయి, మూడు టేకులు పోయాయి. ఎఫ్ 4 పెడితే 25 సెంటీమీటర్లు దొరికాయి. వెనకాల మసక ఉంటేనే సినిమా లుక్కు అనుకోవడం షార్ట్ ఫిల్ములకి పట్టిన జబ్బు. ఇక్కడ వెనకాల అలమరలో అదే సెట్టులోని మిగతా రెండు గిన్నెలు కనిపించాలి, వాటి పక్కన ఖాళీ కనిపించాలి. దాన్ని మసక చేసుకుంటే సగం కథ మనమే చెరుపుకున్నట్టు.

రెండో రోజు – ఎత్తు

పీట మీద కూర్చున్న అమ్మ కన్ను నేల నుంచి 75 సెంటీమీటర్లు. నిలబడ్డ కొడుకు కన్ను 160. కెమెరా ఎవరి కంటి ఎత్తున ఉంటే సీను వాళ్లది.

160 నుంచి కిందికి వంచి తీస్తే ఆవిడ చిన్నదైపోయింది, తల వెనకాల టైల్సు తప్ప ఏమీ లేవు. చూసినవాళ్ల నోటి నుంచి మొదట వచ్చిన మాట "పాపం". వినడానికి బాగానే ఉంది కానీ, అడిగిన ప్రశ్నకి జవాబు "ఒంటరైపోతోంది" దగ్గర ఆగిపోయింది. జాలి పుట్టాక ఆవిడ మాటలోని గడుసుదనం ఎవరికీ వినపడలేదు.

75కి దించితే కొడుకు మోకాళ్లు, వేలాడుతున్న బ్యాగు పట్టీ మాత్రమే ఫ్రేములోకి వచ్చాయి. ఇదే మేలనిపించింది. "కట్టీ" అనేదాకా వాడి మొహం చూపించక్కర్లేదు. చూడాలన్న ఆరాటం దానంతటదే పెరుగుతుంది. కానీ అదే ఎత్తు నుంచి వాడి క్లోజప్ పైకెత్తి తీస్తే ముక్కుపుటాలు, గడ్డం కింది నీడ కనపడి దబాయిస్తున్నట్టు వచ్చింది. వాడి షాటుకి 130 దగ్గర ఆపాం: కొంచెం పైకి చూస్తున్నాం, అంతకు మించి తెలియదు.

ట్రైపాడ్ 75కి దిగినా కాళ్లు బాగా విచ్చుకుంటాయి, టైల్సు మీద జారతాయి. కింద తడిపి పిండిన గోనెసంచి పరిస్తే కదలదు.

మూడో రోజు – గీత

అమ్మ కళ్ల నుంచి కొడుకు కళ్లకి ఒక గీత. కెమెరా గీతకి ఒక పక్కే ఉండాలి. గీతని ముగ్గుతోనే వేశాం, పొయ్యి వైపు మనది, కిటికీ వైపు నిషేధం. పొయ్యి వైపు నుంచి అమ్మది కుడి లుక్, కొడుకుది ఎడమ లుక్. క్లాప్ మీద లుక్ కూడా రాయించడం మంచి అలవాటు; షాట్లు వరుస తప్పి తీసినప్పుడు గుర్తుండదు.

నియమం తప్పితే ఏమవుతుందో చూడటానికి కొడుకు షాటు ఒకటి కిటికీ వైపు నుంచి కావాలనే తీశాం. వెలుతురు అటు నుంచే బావుంది కూడా. కలిపి చూస్తే ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. "పక్కన ఇంకెవరున్నారు?" అన్న ప్రశ్న వచ్చింది. అంతకంటే పెద్ద నష్టం: వాడు "కట్టీ" అన్నాడని చాలామందికి గుర్తే లేదు. ఎవరు ఎటున్నారో వెతుక్కునే అర సెకనులో ఆ మాట వెళ్లిపోయింది. ఆ చిన్న మాటకి అరసెకను కంటే ఎక్కువ ఆయుష్షు లేదు.

గీత దాటాల్సిందే అనుకుంటే మధ్యలో డబ్బా ఒక్కటే ఉన్న షాటు వేసి దాటాలి, లేదా చూస్తుండగానే కెమెరా నడిచి వెళ్లాలి.

ఇదే రోజు తగిలిన చిన్న తప్పు: అమ్మ మిడ్ షాట్ నుంచి కొంచెం దగ్గరకి జరిగి అదే కోణంలో క్లోజప్. కట్ చేస్తే తల ఎగిరిపడినట్టుంది. కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, లేదా సైజు గట్టిగా మారాలి. అటూ ఇటూ కాకుండా మారితే అది కట్‌లా ఉండదు, రీలు తెగినట్టుంటుంది.

నాలుగో రోజు – వెలుతురు

జనవరి ఆఖర్న ఇక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో సముద్రం మీంచి వస్తాడు. ఏడింటికి కిటికీలోంచి ఎండ సూటిగా ఎదుటి గోడ మీద పడుతుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది. తీయడానికి మోసం. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, ఇరవై నిమిషాలకి 5 డిగ్రీలు. కిటికీ నుంచి 3 మీటర్ల అవతల గోడ మీద అది సుమారు 26 సెంటీమీటర్ల జరుగుడు. 7:10కి వైడ్ (గదంతా కనపడే షాటు) తీసి, టీ తాగి, 7:50కి క్లోజప్ తీస్తే వైడ్‌లో అమ్మ భుజం మీదున్న ఎండ క్లోజప్‌లో పొయ్యి గట్టు మీదుంది.

అందుకని పద్ధతి మార్చాం. ఎండ పట్టీ కనపడే వైడ్ ఒక్కటే 7:10కి, పది నిమిషాల్లో ముగించడం. తర్వాత కిటికీ గ్రిల్లుకి బయటి నుంచి ట్రేసింగ్ పేపరు, బట్టలారేసే క్లిప్పులతో. దాని వెనక బాల్కనీలో 5600 కెల్విన్, అంటే పగటి వెలుతురు రంగు ఎల్ఈడీ. ఇక మధ్యాహ్నం పన్నెండైనా గదిలో పొద్దున్న ఏడున్నరే.

దీపం ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కే. మనిషికి మీటరు దూరంలో ఉంటే ఆవిడ 40 సెంటీమీటర్లు వెనక్కి జరిగేసరికి వెలుతురు సగమైపోతుంది, ఒక స్టాప్ పోయింది. అదే దీపం రెండున్నర మీటర్లలో ఉంటే అదే కదలికకి అర స్టాప్ కూడా పోదు. మనిషి కదిలే సీనుకి దీపాన్ని దూరం పెట్టి పవర్ పెంచడం నయం.

మొహానికి ఎటు నుంచి వేయాలి? కెమెరా ఉన్న వైపు నుంచి వేస్తే అంతా సమంగా, శుభ్రంగా వచ్చింది. "సీరియల్లా ఉంది" అన్నారు. అవతలి వైపు నుంచి వేసి, నీడ చెంప కెమెరా వైపు ఉంచితే మొహానికి బరువొచ్చింది. నీడ ఎంత ఉండాలన్నది థర్మాకోల్ తేలుస్తుంది. మీటరు దూరంలో థర్మాకోల్ పెడితే నీడ చెంప ఒక స్టాప్ తక్కువ: మామూలు పొద్దున్న. థర్మాకోల్ తీసేస్తే రెండు స్టాపులు: ఏదో మనసులో పెట్టుకుంది. దాని చోట నల్ల గుడ్డ పట్టుకుంటే మూడు స్టాపులు: "డబ్బాలో ఏం కలిపింది?" అని అడిగారు. మాట అదే, నటన అదే టేకు తర్వాత టేకు. ఒక నల్ల గుడ్డతో అమ్మ విషం పెట్టే మనిషైపోయింది. రెండు స్టాపుల దగ్గరే ఉంచాం.

పొయ్యి పైన పసుపు బల్బు ఉంది. కెమెరా వైట్ బ్యాలెన్సు 5600 పెడితే బల్బు నారింజ రంగు, 3200 పెడితే కిటికీ నీలం. 4300 దగ్గర రెండూ కొంచెం కొంచెం: కిటికీ చల్లగా, పొయ్యి వెచ్చగా. అమ్మ పొయ్యి వైపు, కొడుకు గుమ్మం వైపు ఉండటంతో ఇది కలిసొచ్చింది. ఆటో వైట్ బ్యాలెన్సు మాత్రం వద్దు, పచ్చ చీర ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ చర్మం రంగు మారుస్తుంది.

స్టీలు డబ్బాలో కెమెరా, ట్రైపాడ్, వెనక నిలబడ్డ మనిషి, అందరూ కనపడతారు. డబ్బాని పది డిగ్రీలు తిప్పి, కెమెరా చుట్టూ నల్ల గుడ్డ కప్పితే సగం పోతుంది. మిగతాదానికి పలచగా టాల్కం పౌడరు అద్ది మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎక్కువైతే డబ్బా పాతదైపోయినట్టు కనిపిస్తుంది.

ఐదో రోజు – శబ్దం

ఇన్ని రోజులూ చూపించిన రకాలన్నిటికీ శబ్దం కెమెరా మీదున్న మైకుదే. కావాలనే. ప్రతిసారీ వచ్చిన ఫిర్యాదు ఒకటుంది: "అమ్మ చేసినావిడ అప్పజెప్పినట్టు చదివేసింది." చిత్రం ఎలా మారినా ఈ మాట మారలేదు.

ఇవాళ మార్చింది మైకు ఒక్కటే. ఆవిడ తల పైన, ఫ్రేముకి కాస్త బయట, నోటికి 50 సెంటీమీటర్లలో వెదురు గడ చివర షాట్‌గన్ మైకు. 2 మీటర్ల నుంచి 50 సెంటీమీటర్లకి వస్తే సూటిగా వచ్చే గొంతు 12 డీబీ (డెసిబెల్, శబ్దానికి కొలత) పెరుగుతుంది; గోడల ప్రతిధ్వని మాత్రం అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. అంటే గొంతు ముందుకొచ్చి గది వెనక్కి వెళ్లింది. ఒకే టేకుకి రెండు శబ్దాలూ వేసి వేర్వేరు జట్లకి చూపించాం. మైకు దగ్గరున్న రకం చూసినవాళ్లలో నటన బాలేదన్నవాళ్లు లేరు. ఊపిరి వినపడింది, "కట్టీమంటావా" దగ్గర గొంతు చిన్నగా జీరపోవడం వినపడింది. అంతకుముందు అవి గదిలోనే ఉన్నాయి, ఆయిల్ పెయింటు తినేసింది.

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇదే. చూసేవాడు చెప్పే బాధ నిజం. చెప్పే కారణం తప్పు. ఎకో ఉంటే నటన బాలేదంటాడు. గీత దాటితే కథ అర్థం కాలేదంటాడు. షాటు పొడుగైతే డైలాగులు తక్కువున్నాయంటాడు. వాడి మందు వాడొద్దు, నొప్పి ఎక్కడో మాత్రం రాసుకోవాలి, ఎన్నో సెకనులోనో కూడా.

పని వివరాలు. గోడకి రెండు బొంతలు, నేల మీద ఒకటి, ఫ్రేములో పడని చోటల్లా. ఫ్యాను ఆపాలి, నటులకి చెమట పడుతుంది కాబట్టి టేకు టేకుకీ మధ్య వేయాలి. ఫ్రిజ్ ఆపాలి, ఆపినవాళ్లు తమ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతారు, ఆ ఇంటివాళ్ల చేపలు పాడైపోతాయి. రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గట్టి మాట రికార్డరు మీటరులో మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి. 80 హెర్ట్జ్ కింద కోత.

కాలర్ మైకు ఆసరాకే. గంజి పెట్టిన నూలు చీర కింద దాస్తే కొంగు కదిలినప్పుడల్లా గీరినట్టు వస్తుంది. టేపుని జిగురు బయటికుండేలా మడిచి రెండు వైపులా అంటించి, బట్ట మైకుతో పాటే కదిలేలా చేస్తే తగ్గుతుంది. పూర్తిగా పోదు.

గాజులు డబ్బాకి తగిలి మాటల మీద పడుతున్నాయి. గాజులు తీసేయడం కుదరదు, కనపడతాయి. డబ్బా లోపల తడిగుడ్డ పెట్టి మోత చంపి, మాటలు శుభ్రంగా తీసుకున్నాం. తర్వాత గాజులు, గిన్నె మీద గిన్నె, క్లిప్పు "టక్"... ఒక్కొక్కటి పది సార్లు విడిగా. ఆ టక్ సీనుకి గుండెకాయ, దాన్ని అదృష్టానికి వదలకూడదు.

కిటికీ తెరిచి తీసిన టేకులో సముద్రం హోరుంది, మూసి తీసిన దాంట్లో లేదు. కట్ దగ్గర సముద్రం ఆగి మొదలవుతోంది. మందు: అందరూ కదలకుండా నిలబడి ఖాళీ గది శబ్దం ఒక నిమిషం, కిటికీ తెరిచి ఒకటి, మూసి ఒకటి. మాటలన్నీ మూసిన కిటికీతో తీసి, సముద్రాన్ని సీను మొత్తం కింద ఒకే పొరగా పరిచాం.

ఆఖరి మాట ముందు పూర్తి నిశ్శబ్దం పెట్టి చూశాం. ఏ శబ్దమూ లేదు. చూసేవాళ్లు తెర వైపు కాదు, స్పీకరు వైపు చూశారు. నిశ్శబ్దం అంటే శబ్దం లేకపోవడం కాదు, ఉన్న శబ్దం తగ్గడం. సముద్రాన్ని 8 డీబీ దించి, టక్ వినిపించి, ముప్పావు సెకను ఆగితే అందరూ ముందుకి వంగారు.

ఆరో రోజు – బీచ్‌లో అదే సీను

త్వరగా చెప్పేయొచ్చు. పోయింది.

నడి ఎండలో ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుని పట్టే చురుకు) 100, షటర్ 1/50 ఉంటే ఎఫ్ 2.8 వాడటానికి ఆరు స్టాపులు తగ్గించాలి, అంటే ఎన్‌డీ 64 ఫిల్టరు. అది లేకపోతే షటర్ పెంచుతారు, కదలికలన్నీ కుదుపులుగా వస్తాయి. పొద్దున్న తూర్పుకి తిరిగితే నటులు కళ్లు చిట్లిస్తారు, సముద్రానికి వీపు పెడితే మొహం నల్లబడుతుంది. నాలుగు దాటాక ఎండ ఊరి వైపుకి వెళ్తుంది కాబట్టి మొహాలు బాగుంటాయి, కానీ అప్పటికి సముద్రపు గాలి గట్టిగా ఉంటుంది. మైకుకి బొచ్చు తొడుగు లేనిదే కుదరదు. అల హోరు అన్ని స్థాయిల్లోనూ ఉంటుంది, ఏ ఫిల్టరూ గొంతుని వదిలి దాన్ని మాత్రమే తీయలేదు. లెన్సు మీద ఉప్పు తుంపర పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు బ్లోయరు, తర్వాత తడి క్లీనరు. ట్రైపాడ్ కాళ్లు ఇంటికొచ్చి మంచినీళ్లతో కడగాలి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటి: విశాఖవాళ్లకి చూపిస్తే ఆఖరి మాట సమయంలో "అదిగో డాల్ఫిన్స్ నోస్" అని వెనకాల కొండని చూపించారు. ఎక్కడ తీశారో పోల్చుకోవడంలో అమ్మ పోయింది. అందమైన చోటు మూడో పాత్ర, మాటలు రెండు పాత్రలకే ఉన్నాయి.

డ్రోన్ ఆలోచన కాగితం మీదే కొట్టేశాం. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. ముందు డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ మ్యాపు) ఆ చోటు రంగు చూడాలి, ఎర్ర జోనైతే కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. అయినా డబ్బా సీనుకి ఆకాశం నుంచి చూసేదేముంది.

ఏడో రోజు – కత్తెర

1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు నటుడు మొజూఖిన్ మొహాన్ని వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపించాడు, పక్కనున్న దాన్ని బట్టి జనం ఆ మొహంలో వేర్వేరు భావాలు చదివారని చెబుతారు. ఆ ప్రయోగపు ఫిల్ము ఇప్పుడు దొరకదు, చేసి చూడటం మాత్రం ఉచితం. అమ్మ ఏ భావమూ లేకుండా చూస్తున్న 4 సెకన్ల క్లోజప్ తీసుకుని, ముందు ఒకసారి బ్యాగు, ఒకసారి అలమరలో ఖాళీ చోటు, ఒకసారి గోడ మీద దండ వేసిన ఫోటో పెట్టాం. బ్యాగుకి కోపం అన్నారు, ఖాళీకి దిగులు అన్నారు. ఫోటోకి ఏకంగా కథే అల్లేశారు: భర్త పోయాడు, కొడుకూ వెళ్లిపోతున్నాడు. స్క్రిప్టులో భర్త ప్రస్తావనే లేదు. ఫోటో తీసేశాం, మరీ ఎక్కువ చెబుతోంది. ఖాళీ చోటు ఉంచాం.

ఆఖరి మాట ఎవరి మీద వినిపించాలి? మాట నిడివి 40 ఫ్రేములు. అమ్మ మొహం మీద పెడితే చూసేవాళ్లు విన్నది విన్నట్టు తీసుకున్నారు: డబ్బా తెమ్మంటోంది. డబ్బా మీద పెడితే మరీ డబ్బా అయిపోయింది. అమ్మ చేతులు, టక్, అక్కడ కట్ చేసి కొడుకు మొహం. మాట బయటి నుంచి. ఇక్కడ జవాబు మారింది. ఆవిడ ఏమందో వాడు అర్థం చేసుకుంటుండగా చూస్తున్నాం, వాడితో పాటే మనకీ అర్థమవుతుంది. ఆవిడ కళ్లలో వెతకాల్సింది వాడి కళ్లలో దొరికింది.

తర్వాత వాడి మొహం ఎంతసేపు? 50 ఫ్రేములకి తొందరపడ్డట్టుంది. 125 పెడితే వాడేదో అంటాడని ఎదురుచూశారు, అనకపోయేసరికి నీరసించారు. 80 దగ్గర కుదిరింది. వాడు రెప్ప వేయబోయే ముందు కట్.

వేణువు బిట్ ఒకటి వేసి చూశాం. టక్ కంటే ముందే ఏడవాలని తెలిసిపోయింది. రీ రికార్డింగు చూసేవాడికి ముందుగా జవాబు అందించేస్తే ప్రశ్న అడిగి లాభం లేదు. తీసేశాం.

ఎనిమిదో రోజు – ఫోను, ప్రొజెక్టరు

ప్రొజెక్టరు మీద అలమర ఖాళీ అందరికీ కనపడింది. ఫోనులో ఎవరికీ కనపడలేదు. వైడ్ తర్వాత ఆ ఖాళీకే రెండు సెకన్ల ఇన్సర్ట్ చేర్చాం. ఫోను స్పీకరుకి కింది స్థాయి హోరు పలకదు, సముద్రం మాయమైంది; ఒడ్డున అల విరిగే సన్నటి సరసర ఒకటి పై పొరగా కలిపితే రెండింటిలోనూ నిలిచింది. మొత్తం శబ్దం, అంటే సగటు బిగ్గరతనం, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్, శిఖరం మైనస్ 1 దాటకుండా.

ఇప్పటికి కుదిరిన వరుస: వైడ్, ఎండ పట్టీతో, 6 సెకన్లు. అలమర ఖాళీ, 2. అమ్మ, 50 లెన్సు, 75 ఎత్తు, వాడి మోకాళ్లు వెనక, "తినీసెల్తావా" దాకా ఒకే షాటు, 14. కొడుకు మొహం మొదటిసారి, "కట్టీ", 3. చేతులు, గిన్నెలు, టక్, 7. కొడుకు, మాట బయటి నుంచి, 80 ఫ్రేముల నిలకడ, 5. బ్లాక్, సముద్రం ఇంకో 4.

మిగిలిన పని ఒకటి. వైడ్‌లో బ్యాగు కొడుకు ఎడమ భుజాన ఉంది, దగ్గర షాట్లలో కుడి భుజాన. కంటిన్యుటీ ఫోటో తీయలేదు, అంతే సంగతి. ఎవరూ పట్టుకోలేదు కానీ ఒకసారి చూశాక మాకు అదే కనపడుతోంది. ప్యాచ్ తీయాలి, అదే చీర, పొద్దున్న 7:10, కిటికీకి పేపరు లేకుండా. ఆలస్యం చేయకూడదు: జనవరి ఆఖరి నుంచి ఫిబ్రవరి మధ్యకి సూర్యుడు ఉదయించే చోటు ఆరు డిగ్రీలు ఉత్తరానికి జరుగుతుంది, గోడ మీద ఎండ పట్టీ అడుగు మేర దక్షిణానికి జరిగి అలమరని వదిలేస్తుంది. ఈ శుక్రవారం లోపు కుదరకపోతే బాల్కనీలో ఎల్ఈడీకి ముందు అట్టముక్క కోసి కిటికీ ఆకారం చేయాలి.